గ్రూప్స్ నోట్స్: కాగితం, ఫోన్, ట్యాబ్‌లలో దేనికి ఏది వాడాలి?

గ్రూప్స్‌కి (గ్రూప్‌-1, గ్రూప్‌-2 లాంటి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకి) చదవడం మొదలుపెట్టినవాళ్లు పుస్తకాల జాబితా తర్వాత అడిగే ప్రశ్న ఇదే. నోట్స్ లాంగ్ నోటుబుక్కులో రాయాలా, యాప్‌లోనా, ట్యాబ్ కొనాలా? "మీకు ఏది సౌకర్యంగా ఉంటే అది" అన్న జవాబుతో పని జరగదు. రాసేటప్పుడు అన్నీ సౌకర్యంగానే ఉంటాయి. తేడా తెలిసేది నెలల తర్వాత, పరీక్ష దగ్గరపడి అదే నోట్స్ తిరగేయాల్సి వచ్చినప్పుడు.

అందుకే ఈ ఎంపికంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: రాసినదాన్ని మళ్లీ ఎప్పుడు, ఎక్కడ, ఎలా చదవబోతున్నారు?

ఉదాహరణలన్నీ ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ పరీక్షల నుంచి తీసుకున్నవి. డీఎస్సీ అభ్యర్థులకూ చాలావరకు పనికొస్తాయి. లెక్కలు, రీజనింగ్‌కి మాత్రం ఇదేమీ అక్కర్లేదు, ఒక రఫ్ పుస్తకం చాలు.

## 1. కొనే ముందు సిలబస్‌ను నాలుగు కుప్పలు చేయండి

సిలబస్ ప్రింట్ తీసుకుని కూర్చోండి. ప్రతి అంశం పక్కన కింది నాలుగు అక్షరాల్లో ఒకటి వేయండి.

- స్థి (స్థిరమైనవి): శాతవాహనులు, కాకతీయులు, ప్రాథమిక హక్కులు, నదుల భూగోళం. ఒకసారి సరిగా రాసుకుంటే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.
- మా (మారేవి): బడ్జెట్ అంకెలు, పథకాలు, సామాజిక ఆర్థిక సర్వే, కరెంట్ అఫైర్స్. ఇప్పుడు రాసింది వచ్చే ఏడాదికి పాతబడుతుంది.
- కం (కంఠస్థం చేయాల్సినవి): ఆర్టికల్స్, సవరణలు, సంవత్సరాలు, కమిటీల పేర్లు.
- జ (జవాబులు రాయాల్సినవి): మెయిన్స్‌లో వ్యాసరూపంలో రాయాల్సిన అంశాలు.

ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది. దీన్ని దాటేసి నేరుగా దుకాణానికి వెళ్లినవాళ్లు రెండు నెలల్లో మళ్లీ దుకాణానికే వెళ్తారు.

కొన్ని అంశాలు రెండు కుప్పల్లోకి వస్తాయి. కృష్ణా జలాల వివాదం చూడండి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. ఇది ఇక మారదు కాబట్టి "స్థి". విభజన తర్వాత 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య తాత్కాలికంగా కుదిరిన 512:299 పంపకం, 2023 అక్టోబరులో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కేంద్రం ఇచ్చిన కొత్త విచారణాంశాలు, వాటిమీద తర్వాత జరుగుతున్న వాదనలు "మా". ఇలాంటి అంశాన్ని ఒకే చోట ఇరికించకండి. మారని భాగం ఒక చోట, మారే భాగం ఇంకో చోట రాసి, రెండింటికీ ఒకే నంబరు వేయాలి. ఆ నంబరు సంగతి 8వ అంచెలో.

కుప్పలయ్యాక ఎంపిక దాదాపు దానంతటదే తేలిపోతుంది:

- స్థి → కాగితం
- మా → ఫోన్ లేదా కంప్యూటర్
- కం → చిన్న కార్డులు (అట్టవి గానీ, యాప్‌లోవి గానీ)
- జ → కాగితం, పెన్ను మాత్రమే

చివరిదాని గురించి మొహమాటం లేకుండా ఒక మాట. తెలంగాణ గ్రూప్‌-1 మెయిన్స్‌లో ఒక్కో పేపరుకు 150 మార్కులు, 3 గంటలు. ఆ మూడు గంటలూ చేత్తో రాయాలి. ఏడాదంతా టైప్ చేసిన చెయ్యి మొదటి రెండు గంటలకే మొరాయిస్తుంది. గ్రూప్‌-2 మొత్తం ఆబ్జెక్టివ్ కాబట్టి అది మాత్రమే రాసేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు, వాళ్లు డిజిటల్ వైపు ఎక్కువ మొగ్గినా నష్టం లేదు.

## 2. మీ రోజు ఎక్కడ గడుస్తుందో చూడండి

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో, అవనిగడ్డ కోచింగ్ హాస్టల్లోనో రోజంతా కూర్చుని చదివేవాళ్లకు బల్ల ఉంటుంది, వెలుతురు ఉంటుంది. కాగితం మోసినా బరువనిపించదు. ఉద్యోగం చేస్తూ బస్సులో, మెట్రోలో చదివేవాళ్ల చేతిలో ఫోన్ తప్ప ఇంకేమీ నిలవదు.

ఈ నాలుగింటికి జవాబు రాసుకోండి:

- రోజులో బల్ల ముందు కూర్చునేది ఎన్ని గంటలు, ప్రయాణంలో ఎన్ని గంటలు?
- చదివే చోట ఛార్జింగ్ పెట్టుకునే వీలుందా?
- ఫోన్ తీస్తే చదువు మీద ఉంటారా, రీల్స్ మీదికి వెళ్తారా? (నిజం రాయండి, ఎవరూ చూడరు.)
- పాత ఫోన్ గానీ, ఇంట్లో వాడని ల్యాప్‌టాప్ గానీ ఉందా?

మూడో ప్రశ్నకు జవాబు "రీల్స్" అయితే, డిజిటల్ నోట్స్‌ని సిమ్ లేని పాత ఫోన్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో మార్చండి. యాప్ మార్చినంత మాత్రాన ఆ సమస్య పోదు.

## 3. కాగితం ఎంచుకోవడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. అందరూ తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది ఇక్కడే.

బైండు పుస్తకమా, విడి కాగితాలా? విడి కాగితాలే మేలు. చదువు సిలబస్ వరుసలో సాగదు. ఆరో నెలలో ఒక మంచి పుస్తకం దొరుకుతుంది, కాకతీయుల పన్నుల గురించి ఇంకో పేజీ రాయాల్సి వస్తుంది. బైండు పుస్తకంలో దానికి చోటుండదు. విడి కాగితమైతే ఫైలు విప్పి మధ్యలో పెట్టేయవచ్చు.

లాంగ్ నోటుబుక్కే ఇష్టమంటే ఒక పద్ధతి ఉంది. కుడి పేజీలోనే రాయండి, ఎడమ పేజీ మొత్తం ఖాళీగా వదలండి. తర్వాత దొరికే సంగతులు, పాత ప్రశ్నలు, బొమ్మలు ఎడమ వైపు చేరతాయి. మొదటి రెండు ఆకులు విషయసూచికకు వదిలేసి, పేజీ నంబర్లు కొన్న రోజే వేసేయండి. సగం కాగితం వృథా అవుతోందని ఇంట్లో ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి.

సైజు: ఏ4. మెయిన్స్ జవాబు పత్రం కూడా పెద్ద కాగితమే కాబట్టి ఒక పేజీకి మీ చేతిరాతలో ఎన్ని పదాలు పడతాయో అంచనా వస్తుంది. జిరాక్స్‌కీ స్కానింగ్‌కీ ఇదే సులువు. ఏ5 చిన్న పుస్తకం చేతికి ముద్దుగా ఉంటుంది గానీ, ఒక పట్టికో పటమో వేయాలంటే చాలదు.

మందం: ఏ4 కట్ట మీద 70, 75, 80 జీఎస్‌ఎం అని ఉంటుంది. చదరపు మీటరు కాగితం అన్ని గ్రాముల బరువని అర్థం. బాల్ పెన్నుతో రెండు వైపులా రాయడానికి 70 సరిపోతుంది. జెల్ పెన్ను వాడితే 75 లేదా 80 తీసుకోండి. చవక నోటుబుక్కుల కాగితం ఇంతకంటే పలచగా ఉంటుంది, జెల్ సిరా అవతలి వైపు కనిపిస్తుంది. కొనేముందు దుకాణంలోనే ఒక మూల మీ పెన్నుతో గీసి, తిప్పి చూడండి.

ఒక రీములో 500 కాగితాలుంటాయి. మొదట ఒక్క రీము చాలు. ఐదు రీములు కొని బీరువాలో పేర్చుకోవడం చదువు కిందకి రాదు.

గీతలుండాలా? తెల్ల కాగితమే తీసుకోండి. ఒత్తులు కింద ఉంటాయి, గుడులు పైన ఉంటాయి. ఇరుకు గీతల మధ్య తెలుగు రాస్తే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టుకి తగులుతుంది. వరుస వంకరపోతుందన్న భయం ఉంటే, నల్లటి గీతలు ముదురుగా గీసిన ఒక కాగితాన్ని అడుగున పెట్టుకుని రాయండి. గీతల మధ్య ఒక సెంటీమీటరు వదలండి.

పెన్ను: ఓఎంఆర్ షీటు మీద నీలం లేదా నలుపు బాల్ పెన్నుతోనే దిద్దాలి. నోట్స్‌కీ బాల్ పెన్నే మంచిది. దాని సిరాలో నూనె ఉంటుంది, నీళ్ల చుక్క పడితే చెదరదు. వానాకాలం హాస్టల్ గదుల్లో, సముద్రం పక్కన విశాఖ, కాకినాడ ఊళ్ల చెమ్మలో జెల్ రాతలు అలుక్కుపోవడం మామూలే. మెయిన్స్ జవాబుల సాధన మాత్రం పరీక్షలో ఏ పెన్ను వాడబోతున్నారో దానితోనే చేయండి. రంగులు రెండు చాలు: రాయడానికి ఒకటి, తర్వాత చేర్చిన సంగతులకు ఇంకొకటి. ఐదు రంగుల హైలైటర్లు వాడిన పేజీలో ఏది ముఖ్యమో తర్వాత మీకే తెలియదు.

కట్టడం: రెండు రంధ్రాల పంచింగ్ మెషిన్, ప్రతి సబ్జెక్టుకీ ఒక లీవర్ ఫైలు. ఎడమ వైపు 3 సెంటీమీటర్ల మార్జిన్ వదలకపోతే మొదటి అక్షరాలు రంధ్రాల్లో పోతాయి. స్పైరల్ బైండింగ్ ఇప్పుడే చేయించకండి. ఆ సబ్జెక్టులో ఇక చేర్చేదేమీ లేదనుకున్నాక, పరీక్షకు నెల ముందు చేయిస్తే బాగుంటుంది.

కాగితం కొనుగోలు జాబితా

- ☐ ఏ4 తెల్ల కాగితం, ఒక రీము
- ☐ లీవర్ ఫైళ్లు, ముందు రెండు (సబ్జెక్టులన్నిటికీ ఒకేసారి వద్దు)
- ☐ పంచింగ్ మెషిన్
- ☐ ఒకే రకం బాల్ పెన్నులు, ఇంకో రంగుది ఒకటి
- ☐ అడుగున పెట్టుకునే గీతల కాగితం
- ☐ కార్డుల కోసం మందపాటి అట్టకాగితం (పాత పెళ్లిపత్రికల వెనక వైపు కూడా పనికొస్తుంది)

## 4. యాప్ దించుకునే ముందు తెలుగు పరీక్ష పెట్టండి

యాప్‌ల గురించి చెప్పే వీడియోలన్నీ ఇంగ్లిష్ నోట్స్ రాసేవాళ్ల కోసం చేసినవి. తెలుగు మీడియం వాళ్లకు వేరే చిక్కులున్నాయి. ఏ యాప్ అయినా ముందు ఈ నాలుగు పరీక్షలు నెగ్గాలి.

అ) టైపింగ్ వేగం. తెలుగు అకాడమీ పుస్తకంలో ఒక పేరా తీసుకోండి. ఒకసారి చేత్తో రాయండి, ఒకసారి టైప్ చేయండి, సమయం చూసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి, నేరుగా తెలుగు అక్షరాల కీబోర్డు, వేలితో తెర మీద రాసే పద్ధతి, మూడూ జీబోర్డులో (గూగుల్ కీబోర్డులో) ప్రయత్నించండి. చేతిరాత కంటే టైపింగ్ రెండింతలు ఆలస్యమైతే, పెద్ద నోట్స్ డిజిటల్‌లో పెట్టుకునే ఆలోచన ప్రస్తుతానికి మానుకోండి.

నోటితో చెప్పి టైప్ చేయించడం వేగంగా ఉంటుంది. మామూలు వాక్యాలు బాగానే వస్తాయి గానీ శాసనాల పేర్లు, రాజుల పేర్లు, అంకెలు తప్పుతాయి. చెప్పిన వెంటనే సరిచూసే ఓపిక ఉంటేనే వాడండి.

ఆ) వెతుకులాట. డిజిటల్ నోట్స్‌కి ఉన్న అసలు బలం వెతకడం. తెలుగులో అదే తరచుగా దెబ్బతింటుంది. మీరు ఒక రోజు "ట్రిబ్యునల్" అని, ఇంకో రోజు "ట్రైబ్యునల్" అని రాస్తారు. ఒకటి వెతికితే రెండోది రాదు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విరామ అక్షరం ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకటి పెట్టక "సాఫ్ట్వేర్" చేస్తుంది. చాలా యాప్‌లకు ఇవి రెండు వేర్వేరు మాటలు.

దీనికి విరుగుడు: ప్రతి నోట్ మొదటి వరుసలో ఒక గుర్తుమాట రాయండి. అది మీరు ఎప్పుడూ ఒకేలా రాసే చిన్న మాట గానీ, అంశం నంబరు గానీ కావాలి. వెతికేటప్పుడు దాన్నే వెతకండి.

ఇ) నెట్ లేకుండా. విమానం మోడ్ పెట్టి యాప్ తెరవండి. నిన్నటి నోట్ కనబడాలి, కొత్తది రాయగలగాలి. గూగుల్ డాక్స్‌లో ఫైళ్లను ఆఫ్‌లైన్‌లో ఉంచమని మనమే ముందుగా చెప్పాలి. చాలామంది ఆ మీట సంగతి ఊళ్లో సిగ్నల్ లేనప్పుడు తెలుసుకుంటారు.

ఈ) బయటికి తీయడం. రాసిన నోట్స్‌ని పీడీఎఫ్‌గానో మామూలు టెక్స్ట్‌గానో బయటికి తీసి చూడండి. ఒత్తులు సరిగా వచ్చాయా? పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికిస్తే అదే వాక్యం వచ్చిందా?

ఈ చివరి పరీక్షను ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో రెండు సంగతులు చెబుతాను. ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 నోట్లు, ఒకే నోటుబుక్కు అని హద్దు పెట్టింది. కాగితాలు స్కాన్ చేయడానికి లక్షలమంది వాడిన మైక్రోసాఫ్ట్ లెన్స్‌ను ఆపేస్తున్నట్టు 2025లో ఆ సంస్థ ప్రకటించింది. మన ఉద్యోగ నోటిఫికేషన్లు ఎన్నేళ్లకు వస్తాయో తెలిసిందే. అన్నాళ్లూ యాప్ అలాగే ఉంటుందని నమ్మి కూర్చోవద్దు.

## 5. ఏ పనికి ఏ యాప్?

నోట్స్ రాయడానికి రెండుకు మించి వద్దు. ఒకటి చప్పున రాసుకోవడానికి, ఒకటి దాచుకోవడానికి.

చప్పున రాసుకోవడానికి: గూగుల్ కీప్. పేపర్ చదువుతుంటే కనబడిన పథకం పేరు, క్లాసులో సార్ చెప్పిన చిన్న సంగతి, పుస్తకం ఫొటో ఇందులో వేయండి. దాన్ని గోదాములా వాడకండి. వారానికోసారి ఖాళీ చేయాలి. తొలగించిన నోట్ చెత్తబుట్టలో 7 రోజులే ఉంటుందని గుర్తుంచుకోండి.

వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పంపుకునే అలవాటుంటే అది కూడా ఇదే పని చేస్తుంది, కొత్త యాప్ అక్కర్లేదు.

దాచుకోవడానికి: ఈ మూడింట్లో ఒకటి.

*గూగుల్ డాక్స్* చాలామందికి ఇదే చాలు. ఒక్కో సబ్జెక్టుకి ఒక ఫోల్డరు, ఒక్కో అధ్యాయానికి ఒక ఫైలు. ఉచితంగా దొరికే 15 జీబీ చోటును జీమెయిల్, ఫొటోలు కూడా పంచుకుంటాయి. పెళ్లి వీడియోలతో అది నిండిపోతే నోట్స్ ఆగిపోతాయి. నోట్స్ కోసం వేరే గూగుల్ ఖాతా తెరిస్తే ఈ గొడవ ఉండదు.

*వన్‌నోట్* టైపింగ్, చేతిరాత, ఫొటో, పట్టిక ఒకే పేజీలో కలపాలనుకునేవాళ్లకు. భూగోళానికి, పటాలకు బాగుంటుంది. పాత ఫోన్లలో బరువుగా కదులుతుంది.

*అబ్సిడియన్* కంప్యూటర్ మీద కూర్చునేవాళ్లకు. రాసినదంతా మీ సొంత ఫోల్డర్లో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటుంది, రేపు ఆ యాప్ లేకపోయినా ఫైళ్లు తెరుచుకుంటాయి. అయితే దాని ప్లగిన్లు, థీములు సర్దుకోవడంలో చదువు మర్చిపోయేవాళ్లున్నారు. అలాంటి మనిషి మీరే అనిపిస్తే డాక్స్‌కి వెళ్లండి.

కంఠస్థానికి విడిగా: ఆంకీ అనే కార్డుల యాప్. ముందు ప్రశ్న, వెనక జవాబు. మీరు మర్చిపోయే కార్డులను తొందరగా, గుర్తున్నవాటిని ఆలస్యంగా చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. కార్డు ఇలా ఉండాలి:

- ముందు: ఆర్టికల్ 371డి ఏ సవరణతో వచ్చింది?
- వెనక: 32వ సవరణ, 1973. అమలు: 1974 జులై 1.

ఒక కార్డుకి ఒకే ప్రశ్న. "371డి గురించి రాయండి" అని కార్డు వేస్తే అది కార్డు కాదు, వ్యాసం. ఎవరో చేసి పెట్టిన వేల కార్డులు దించుకోవడం కంటే మీరు తప్పు పెట్టిన ప్రశ్నల నుంచి రోజుకి పది కార్డులు చేసుకోవడం మేలు.

## 6. ట్యాబ్, స్టైలస్ ఎవరికి?

అందరూ టెన్షన్ పడే ప్రశ్న ఇది. ఎందుకంటే డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే.

ఈ మూడింట్లో కనీసం రెండు మీకు నిజమైతేనే కొనండి:

- చదివే పుస్తకాల్లో ఎక్కువ భాగం పీడీఎఫ్‌లే, వాటిమీదే గీతలు గీసి రాసుకుంటారు.
- గదులు, ఊళ్లు తరచూ మారతారు, ఫైళ్లు మోయలేరు.
- ఆన్‌లైన్ క్లాసులు ఫోన్ చిన్న తెర మీద చూసి కళ్లు లాగుతున్నాయి.

"ట్యాబ్ ఉంటే చదువుతానేమో" అన్నది ఈ జాబితాలో లేదు.

కొనేముందు దుకాణంలో చూడాల్సినవి:

- ☐ అరచెయ్యి తెర మీద ఆనించి రాయండి. అరచేతి గుర్తులు పడకూడదు.
- ☐ "క్ష్మి", "త్స్య", "స్త్రీ" రాయండి. చిన్న ఒత్తులు మీరు రాసినట్టే పడాలి. గీత ఆలస్యంగా వస్తే వద్దు.
- ☐ స్టైలస్ (తెర మీద రాసే పెన్ను) పెట్టెలోనే వస్తుందా, విడిగా కొనాలా? ముల్లు అరిగితే దొరుకుతుందా?
- ☐ చేత్తో రాసిన తెలుగును ఆ యాప్ వెతకగలదా? అమ్మే అబ్బాయి మాట కాదు, అక్కడే రాసి వెతికి చూడండి.
- ☐ 300 పేజీల స్కాన్ పీడీఎఫ్ తెరిచి గబగబా కిందికి జరపండి. ఆగుతూ వస్తే ఆ ట్యాబ్ మీ పుస్తకాలకు చాలదు.

రబ్బరు మొనతో వచ్చే చవక స్టైలస్‌లు వేలితో రాసినట్టే ఉంటాయి. నోట్స్‌కి పనికిరావు.

ట్యాబ్ ఉన్నా మెయిన్స్ జవాబులు మాత్రం కాగితం మీదే. అద్దం మీద జారే ముల్లు, కాగితం మీద నొక్కి రాసే పెన్ను చేతికి ఒకే అలవాటు నేర్పవు.

## 7. కొన్నవాటితో ఒక వారం ట్రయల్

ఒకే అధ్యాయం తీసుకోండి. నా సలహా: పాలిటీలో కేంద్ర-రాష్ట్ర సంబంధాలు. అందులో స్థిరమైనవీ, మారేవీ, కంఠస్థం చేయాల్సినవీ అన్నీ ఉన్నాయి.

1. మొదటి రెండు రోజులు: చదివి, స్థిరమైన భాగం కాగితం మీద రాయండి.
2. మూడో రోజు: ఇటీవలి వార్తలు, నిధుల పంపిణీ అంకెలు డాక్స్‌లో పెట్టండి. ప్రతి అంకె పక్కన ఏ ఏడాదిదో, ఎక్కడిదో రాయండి.
3. నాలుగో రోజు: పదిహేను కార్డులు.
4. ఐదో రోజు: నోట్స్ ముట్టుకోకండి.
5. ఆరో రోజు: పాత ప్రశ్నపత్రంలో ఆ అధ్యాయం ప్రశ్నలు చేయండి. తప్పిన ప్రతి ప్రశ్నకీ మీ నోట్స్‌లో జవాబు ఎక్కడుందో వెతకండి. నిమిషంలోపు దొరకాలి.
6. ఏడో రోజు: దొరకని వాటికి కారణం రాయండి. రాయనే లేదా? రాసినా కనబడలేదా?

"రాయనే లేదు" అయితే పరికరం తప్పు కాదు. "కనబడలేదు" అయితే అమరిక మార్చాలి. ఈ తేడా తెలియక చాలామంది యాప్ మీద యాప్ మారుస్తుంటారు.

## 8. కాగితాన్నీ ఫోన్‌నీ ఒక నంబరుతో ముడివేయండి

సబ్జెక్టుకి ఒక అక్షరం, అంశానికి ఒక నంబరు. చరిత్ర "చ", పాలిటీ "పా", ఆర్థికం "ఆ", భూగోళం "భూ". సిలబస్ వరుసలోనే నంబర్లు వేయండి: పా-01, పా-02.

పా-14 కృష్ణా జలాలు అనుకుందాం. కాగితం పైన కుడి మూల పా-14. డాక్స్ ఫైలు పేరు "పా-14 కృష్ణా జలాలు". ఆంకీ కార్డు మీద పా-14. స్కాన్ చేసిన పీడీఎఫ్ పేరూ పా-14. ఎక్కడ వెతికినా ఒకే మాట. 4వ అంచెలో చెప్పిన స్పెల్లింగ్ తలనొప్పి కూడా ఇక్కడితో పోతుంది.

అంశం మధ్యలో కొత్త కాగితం చేరితే పా-14/1, పా-14/2. నంబర్లన్నీ తిరగరాయకండి.

ఫైలు పేరులో తేదీ కావాలంటే ఏడాది, నెల, రోజు వరుసలో రాయండి: 2026-03-14. అప్పుడే ఫోల్డర్లో వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి.

## 9. కాగితాలను స్కాన్ చేయడం, పీడీఎఫ్‌ల చిక్కు

వారానికోసారి, ఆ వారం రాసిన కాగితాలు స్కాన్ చేయండి. గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్ మీట చాలు. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫోన్ నీడ పడకుండా తీయండి. బల్బు నేరుగా పైన ఉంటే మీ తల నీడే కాగితం మీద పడుతుంది.

అచ్చు తెలుగు పేజీ ఫొటోను డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది. చాలావరకు బాగానే వస్తుంది, అంకెలు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. చేతిరాతకు దీన్ని నమ్ముకోవద్దు.

ఇంకో చిక్కు. కోచింగ్ మెటీరియల్ పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది, కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అది మీ ఫోన్ తప్పు కాదు. ఆ ఫైలు యూనికోడ్‌లో (ఇప్పుడు ఫోన్లన్నీ వాడే అక్షర పద్ధతిలో) కాకుండా అను లాంటి పాత డీటీపీ ఫాంట్లతో తయారైంది. వెతికినా ఏమీ దొరకదు. కావలసిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పైన చెప్పినట్టు డాక్స్‌తో తెరవండి. పుస్తకం మొత్తం మార్చే పనికి దిగకండి.

ప్రింటు తీయించేటప్పుడు జిరాక్స్ షాపుకి వర్డ్ ఫైలు పంపకండి. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. పీడీఎఫ్ చేసి పంపండి, మొదటి పేజీ చూశాకే మిగతావి తీయమనండి.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

పుస్తకమంతా ఎత్తి రాయడం. మూడు వందల పేజీల పుస్తకానికి రెండు వందల పేజీల నోట్స్ రాస్తే అది ఇంకో పుస్తకం. మందు: మొదటిసారి చదివేటప్పుడు పెన్ను పట్టుకోకండి. రెండోసారి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసి, తర్వాత తెరిచి లోపాలు పూరించండి.

టెలిగ్రామ్ పీడీఎఫ్‌ల పోగు. దించుకున్నవి వందల్లో, తెరిచినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మందు: దించుకున్న ప్రతిదానికీ ఒక అంశం నంబరు వేయాలి. నంబరు వేయలేకపోతే అది మీ సిలబస్‌లో లేదు, తీసేయండి.

ఒకే సంగతి మూడు చోట్ల. కాగితం మీద ఒక అంకె, డాక్స్‌లో ఇంకో అంకె, కార్డులో మూడోది. మందు: మారే అంకెలు డాక్స్‌లో మాత్రమే. కాగితం మీద ఆ చోట "డాక్స్ చూడు" అని రాసి వదిలేయండి.

మధ్యలో యాప్ మార్చడం. నోటిఫికేషన్ వచ్చాక యాప్ మార్చవద్దు. ఎంత బాగున్నా సరే. పరీక్ష అయ్యాక చూసుకోవచ్చు.

టాపర్ నోట్స్ జిరాక్స్. కొనుక్కోవడంలో తప్పు లేదు, అది వాళ్ల జ్ఞాపకానికి సరిపోయే కుదింపు. మీ కాగితానికి ఎడమ పేజీగా వాడుకోండి, మీ నోట్స్ స్థానంలో పెట్టకండి.

## 11. పోకుండా చూసుకోవడం

ఫోన్‌లో ఉన్నది డ్రైవ్‌లో కూడా ఉంది కాబట్టి భద్రమే అనుకుంటారు. ఫోన్‌లో పొరపాటున తీసేస్తే అక్కడా పోతుంది. డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, తర్వాత ఉండదు. రెండేళ్లపాటు తెరవని ఖాతాను గూగుల్ తొలగించే వీలుంది. నోట్స్ కోసం విడిగా తెరిచిన ఖాతాను నోటిఫికేషన్ల మధ్య విరామంలో మర్చిపోవడం తేలిక కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

- ☐ నెలకోసారి నోట్స్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో కాపీ
- ☐ ఖాతా పాస్‌వర్డ్, రికవరీ ఫోన్ నంబరు సరిగా ఉన్నాయా? సిమ్ మార్చిన ప్రతిసారీ చూడాలి
- ☐ కాగితం ఫైళ్లు నేలమీద కాదు, గోడకి ఆనించి కాదు. చెదలు గోడ వెంటే వస్తాయి
- ☐ అద్దె గది మారే ముందు చివరి స్కాన్ పూర్తి
- ☐ జిరాక్స్‌కి ఇచ్చిన ఫైలు తిరిగి వచ్చిందా? పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయా?

స్నేహితులకు నోట్స్ ఇవ్వాల్సి వస్తే స్కాన్ పంపండి. ఫైలు ఇవ్వకండి. ఇచ్చిన ఫైలు ఎవరి గదిలో ఉందో పరీక్షకు వారం ముందు వెతుక్కునేవాళ్లను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ హాస్టల్‌కి వెళ్లినా చూడొచ్చు.